బాధ నుండి ఋణభారం దాకా: ‘ఎన్‌కంబరెన్స్’ భావనకు తెలుగులో పేర్ల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు నేల మీద స్థలమో పొలమో కొనదలచినవారికి పెద్దలు మొదట చెప్పే జాగ్రత్త ‘ఈసీ తీయించండి’ అన్నది. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అని చాలామందికి తెలుసు. ఎన్‌కంబరెన్స్ అంటే ఏమిటని అడిగితే మాత్రం ‘అప్పు’ అని కొందరు, ‘తాకట్టు’ అని కొందరు, ‘లిటిగేషన్’ అని మరికొందరు చెబుతారు. ప్రభుత్వ వ్యవహారంలోనూ పత్రికలలోనూ దీనికి ‘ఋణభార ధ్రువీకరణ పత్రం’ అనే అనువాదం కనిపిస్తుంది. ఈ అనువాదం సరిపోతుందా, సరిపోకపోతే దాని వల్ల కలిగిన నష్టం ఏమిటి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

ఒక ఆస్తికి యజమాని ఒకరు ఉండగా, అదే ఆస్తిపై మరొకరికి ఉండే హక్కును, ఆ హక్కు యజమాని స్వేచ్ఛకు విధించే పరిమితిని ఎన్‌కంబరెన్స్ అంటారు. తనఖా అందులో ఒక రకం మాత్రమే. కౌలు, దారి హక్కు, నీటి హక్కు, కుటుంబంలోని స్త్రీకి చెల్లవలసిన మనోవర్తి కూడా సందర్భాన్ని బట్టి ఈ భావన పరిధిలోకి వస్తాయి. ఇంత విస్తృతమైన భావనను ‘ఋణం’ అనే ఒక్క విశేషణంతో బంధించడం ఆధునిక కాలంలో జరిగిన పని. అంతకు ముందు తెలుగు నేలపై వాడుకలో ఉన్న పదాలు ఇంతకంటె విశాలమైనవి. ఆ పదాలను కాలక్రమంలో చూస్తే భాషలో జరిగిన సంకోచం వ్యవహారంలోనూ ఒక సంకోచానికి తోడ్పడిందని తెలుస్తుంది.

శాసనాలలో ‘బాధ’

భూదానాన్ని నమోదు చేసిన తామ్రశాసనాలకు, శిలాశాసనాలకు ఒక స్థిరమైన నిర్మాణం ఉంది. దాత వంశవర్ణన, ప్రతిగ్రహీత వివరం, భూమి ఎల్లలు, ఆ తరువాత మినహాయింపులు, చివర శాపవాక్యాలు. తూర్పు చాళుక్యుల దానశాసనాలలో భూమిని సర్వకర పరిహారంగా ఇచ్చినట్లు చెప్పడం, దీనిపై ఎవరూ బాధ కలిగించరాదని ఆదేశించడం, కలిగించినవాడు పంచమహాపాతకాలు చేసినవాడవుతాడని హెచ్చరించడం పరిపాటి.

ఇక్కడి ‘బాధ’ను నేటి అర్థంలో నొప్పి, దుఃఖం అని తీసుకుంటే శాసనం అర్థం కాదు. సంస్కృతంలో ‘బాధ్’ ధాతువుకు ఒత్తడం, అడ్డగించడం అనే అర్థాలున్నాయి. వ్యాకరణం చదివినవారికి ఈ అర్థం కొత్త కాదు. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుందని అన్నప్పుడు ఒక సూత్రం మరొక సూత్ర ప్రవృత్తిని అడ్డుకుంటుందనే అర్థం. భూమి విషయంలో ‘బాధ’ అన్నా అదే: స్వామి అనుభవానికి అడ్డు వచ్చే మరొకరి ప్రమేయం. అది పన్ను కావచ్చు, అధికారుల చొరబాటు కావచ్చు, పొరుగువాడి ఆక్రమణ కావచ్చు. రేనాటి చోళుల కాలపు తొలి తెలుగు శాసనాలలో దానానికి ‘వక్రం’ వచ్చేవాణ్ణి పాపిగా పేర్కొన్న మాటకూ తాత్పర్యం ఇదే.

ఆంగ్ల పదం పుట్టుక కూడా దీనికి దగ్గరగా ఉండడం గమనార్హం. ఎన్‌కంబరెన్స్‌కు మూలమైన పాత ఫ్రెంచి మాట నదికి అడ్డంగా వేసిన కట్టను సూచించే ‘కోంబ్ర్’ అనే పదానికి సంబంధించినది. అంటే ఆ పదంలోని తొలి చిత్రం బరువు కాదు, అడ్డంకి. ఆంగ్ల పదానికి అనువాదంగా వచ్చిన ‘భారం’ కంటె, ఆంగ్లంతో ఎన్నడూ పరిచయం లేని శాసనకర్తలు వాడిన ‘బాధ’ మూలార్థానికి సన్నిహితం.

మరొక విశేషం ఉంది. శాసనాలలో పరిహరించిన బాధలలో ముఖ్యమైనవి రాజుకు చెందినవే. పన్ను విధించే అధికారం ఉన్నవాడే ఆ అధికారాన్ని ఉపసంహరించుకొని, తన తరువాతివారిని కూడా శాపంతో కట్టడి చేశాడు. విజయనగర కాలపు దానపత్రాలలో కనిపించే నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాల పట్టిక ఈ ఆలోచనకు రెండో పార్శ్వం. సంక్రమించే అనుభవాలను పేరుపేరునా లెక్కించడం ఒక వైపు, వాటికి అడ్డు వచ్చేవాటిని తొలగించడం మరొక వైపు. నేటికీ కొన్ని క్రయ దస్తావేజులలో అష్టభోగాల ప్రస్తావన నిలిచి ఉంది. ‘బాధ’ మాత్రం దస్తావేజు నుండి తొలగి మనసుకు సంబంధించిన మాటగా స్థిరపడింది.

ధర్మశాస్త్రంలో ‘ఆధి’

దానశాసనాల భూమికి రాజు వల్ల వచ్చే అడ్డంకి ప్రధానమైతే, వ్యవహార భూమికి ఋణదాత వల్ల వచ్చే అడ్డంకి ప్రధానం. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్ధెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం. అప్పుకు హామీగా పెట్టిన వస్తువు పేరు ‘ఆధి’. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేయడంతో ఈ వ్యవహార చర్చకు తెలుగు పద్యంలో చోటు దొరికింది. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా ఉన్న ఆ గ్రంథాన్ని సాహిత్య చరిత్రకారులు తొలి తెలుగు ధర్మశాస్త్ర గ్రంథంగా గుర్తించారు. ఆస్తి, అప్పు, సాక్ష్యం వంటి విషయాలను తెలుగులో చెప్పవచ్చునన్న విశ్వాసానికి అది తొలి నిదర్శనం కూడా.

ఆధి అనే మాట ‘ధా’ ధాతువు నుండి వచ్చింది. ధాత్వర్థం పెట్టడం. తెలుగులో ‘తాకట్టు పెట్టు’, ‘కుదువ పెట్టు’ అన్నప్పుడు క్రియ అదే. అమరకోశం నానార్థవర్గం ఆధి శబ్దానికి బంధకం, వ్యసనం, మనోవ్యథ, అధిష్ఠానం అనే అర్థాలను చెప్పింది. ‘ఆధివ్యాధులు’ అనే జంటపదంలో తెలుగువారికి మిగిలింది మనోవ్యథ మాత్రమే. బాధ, ఆధి అనే రెండు పదాలూ ఒకప్పుడు ఆస్తికి సంబంధించిన అర్థాన్ని కలిగి ఉండి, తరువాత తెలుగులో చిత్తపీడకే పరిమితం కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా పొలం తాకట్టులో ఉన్న రైతుకు ఈ అర్థాలు వేరువేరు కావు.

యాజ్ఞవల్క్యుడు ఆధి విషయంలో చెప్పిన మూడు నియమాలు ఈ చర్చకు అవసరం. మొదటిది ప్రాథమ్య నియమం. సాధారణ ధనవివాదాలలో తరువాతి వ్యవహారానికి బలం ఎక్కువ; ఆధి, ప్రతిగ్రహం, క్రయం అనే మూడింటిలో మాత్రం ముందు జరిగినదే బలవత్తరం. ఒకే పొలాన్ని ఇద్దరికి తాకట్టు పెడితే మొదటివాడిదే హక్కు. రెండవది స్వీకార నియమం. ఆధి స్వీకరించడం వల్లనే సిద్ధిస్తుంది. మాట మాత్రంతో కాదు. మూడవది విమోచన నియమం. గడువు పెట్టిన ఆధి గడువుతో నశిస్తుంది. ఫలాన్ని అనుభవించడానికి ఇచ్చిన ఆధి నశించదు. ఆధిని విడిపించుకోవడానికి స్మృతి వాడిన ధాతువు మోక్షశబ్దానికి మూలమైనదే. తెలుగులోనూ చెరలోని మనిషినీ, తాకట్టులోని పొలాన్నీ ‘విడిపించు’ అనే ఒకే క్రియతో చెబుతారు.

స్వీకార నియమం వెనుక ఒక ప్రమాణ వ్యవస్థ ఉంది. లిఖితం, భుక్తి, సాక్షులు అనే మూడింటిని స్మృతి మానుష ప్రమాణాలుగా చెప్పింది. భూమిపై మరొకరి హక్కు ఉన్నదని లోకానికి తెలియడానికి పత్రం ఒక్కటే ఆధారం కాదు. ఎవరు దున్నుతున్నారో కళ్లకు కనిపిస్తుంది. ఎవరి సమక్షంలో మాట జరిగిందో ఊరు ఎరుగును. ఈ మూడు ప్రమాణాలలో ఒకటి మిగిలిన రెండింటినీ వెనుకకు నెట్టడమే తరువాతి చరిత్ర.

తనఖా, తాకట్టు, కుదువ

మధ్యయుగంలో పారసీ పరిపాలన పదజాలం తెలుగు వ్యవహారంలో స్థిరపడింది. దస్తావేజు, జప్తు, బాకీ, హక్కు వంటివి ఆ కాలపు సంపాదన. వీటిలో ‘తనఖా’ ప్రత్యేకమైనది. పారసీలోని ‘తన్‌ఖ్వాహ్’ మొగలు పాలనలో ఒక ఉద్యోగికి చెల్లవలసిన మొత్తాన్ని ఒక నిర్దిష్ట ప్రాంతపు ఆదాయంపై కేటాయించడాన్ని సూచించింది. ఉత్తరాది భాషలలో అది జీతమనే అర్థంలో స్థిరపడగా, తెలుగులో ఆస్తిని అప్పుకు కట్టడి చేయడమనే అర్థంలో నిలిచింది. ఫలానా ఆదాయంపై ఫలానావాడికి హక్కు అన్న మూలభావం రెండింటికీ సమానం.

అప్పటికే తెలుగులో తాకట్టు, కుదువ, అడమానం అనే పదాలున్నాయి. ఈ పదాలు పర్యాయాలుగా కనిపించినా వాడుకలో కొంత విభజన ఏర్పడింది. బంగారాన్ని కుదువ పెడతారు, తాకట్టు పెడతారు. రిజిస్టరు చేసిన భూమి పత్రాన్ని ఎక్కువగా తనఖా దస్తావేజు అంటారు. అనుభవంతో కూడిన తాకట్టుకు భోగ్యమనే సంస్కృత పదం నిలిచింది. సొమ్ము ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఇంట్లో ఉండే ఏర్పాటును రాయలసీమ దక్షిణ భాగంలో భోగ్యమనే అంటారు. స్మృతిలోని ఫలభోగ్య ఆధికి ఇది నేటి వాడుకలో మిగిలిన రూపం.

పంతొమ్మిదవ శతాబ్ది నాటికి ఈ పదాల పొర ఎంత దట్టమైనదంటే, కచేరీ వ్యవహారం అర్థం కావడానికి ఆంగ్ల అధికారులకు ప్రత్యేక నిఘంటువులు కావలసి వచ్చాయి. సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన జిల్లా నిఘంటువు, హెచ్.హెచ్. విల్సన్ 1855లో వెలువరించిన న్యాయ, రెవెన్యూ పదకోశం ఆ అవసరం నుండి పుట్టినవే. అనేక పదాలున్న ఈ వ్యవస్థపై ఒకే చట్టం, ఒకే పదజాలం వచ్చి నిలిచినది ఆ తరువాతనే.

1882 చట్టం, రిజిస్టరు పుస్తకం

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఎన్‌కంబరెన్స్ అనే మాటను పలు సెక్షన్లలో వాడింది కాని నిర్వచించలేదు. అమ్మకందారు, కొనుగోలుదారుల బాధ్యతలు చెప్పే 55వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. కోర్టు ద్వారా ఆస్తిని అటువంటి భారాల నుండి తప్పించి అమ్మే పద్ధతి 57వ సెక్షన్‌లో ఉంది. తనఖా రకాలు 58వ సెక్షన్‌లో, తనఖా కాని చార్జి 100వ సెక్షన్‌లో నిర్వచితమయ్యాయి. అందరికీ అర్థం తెలుసునన్నట్లుగా మూల భావనను నిర్వచించకుండా వదిలిన చోటే భాషకు పని మిగిలింది.

ముందు ఏర్పడిన హక్కుకే ప్రాథమ్యమని 48వ సెక్షన్ చెబుతుంది. ఇది ఆంగ్ల న్యాయసంప్రదాయం నుండి వచ్చినదే అయినా యాజ్ఞవల్క్యుని ప్రాథమ్య నియమానికి భిన్నం కాదు. విమోచన విషయంలోనూ ఇటువంటి పోలిక ఉంది. అనుభవ తనఖాలో భూమిని విడిపించుకొనే హక్కు తనఖా తేదీ నుండి ముప్పై ఏళ్లు గడిచినంత మాత్రాన పోదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారం 1882 చట్టంలోని 62వ సెక్షన్, స్మృతి కాదు. అయినా ఫలభోగ్య ఆధి నశించదన్న సూత్రం వేరొక మార్గంలో అదే ఫలితాన్ని చెప్పింది.

మారినది నియమం కాదు, ప్రమాణం. స్వాధీనం ఇవ్వకుండా భూమిని తనఖా పెట్టే పద్ధతి విస్తరించినప్పుడు భుక్తి వల్ల ఏదీ తెలియదు. భూమి దున్నేవాడు యజమానే. దాని వెనుక అప్పు ఉన్నదీ లేనిదీ కంటికి కనిపించదు. ఈ లోటును పూరించడానికి రిజిస్టరు పుస్తకం అవసరమైంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తికి సంబంధించిన, వీలునామా కాని పత్రాలు ఒకటవ పుస్తకంలో నమోదవుతాయి. పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి మరొక సూచిక తయారవుతాయి. నిర్ణీత కాలానికి ఈ సూచికలను వెదికి ఇచ్చే పత్రమే ఈసీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలయ్యాక దీనిని పొందడం సులభమైంది.

1929లో ఆస్తి బదిలీ చట్టానికి చేసిన సవరణ ఈ మార్పును స్పష్టం చేసింది. రిజిస్టరైన పత్రం గురించి కొనుగోలుదారుకు తెలిసినట్లే భావించాలని ఒక వివరణ చెప్పింది. స్థిరాస్తిని స్వాధీనంలో ఉంచుకున్న వ్యక్తికి ఏ హక్కు ఉన్నదో అది కూడా కొనుగోలుదారుకు తెలిసినట్లే భావించాలని మరొక వివరణ చెప్పింది. మొదటిది లిఖితం, రెండవది భుక్తి. చట్టం రెండింటినీ నిలిపింది. లోకవ్యవహారం మాత్రం మొదటిదాన్నే పట్టుకొని, పుస్తకంలో ఉన్నది తెలిసినట్లే అన్న సూత్రాన్ని పుస్తకంలో లేనిది లేనట్లే అని తిరగవేసుకుంది.

నిత్యవ్యవహారంలో ‘భారం’

ఈసీలో కనిపించేవీ ఎన్‌కంబరెన్సులూ ఒకటి కావు. అందులో తనఖాలతో పాటు క్రయం, దానం, భాగపరిష్కారం, హక్కు విడుదల పత్రాలు కూడా వరుసగా ఉంటాయి. క్రయం భారం కాదు. అయినా భారపత్రంలో నమోదు. మరోవైపు రిజిస్టరు కాని స్వల్పకాల కౌలు, ఇరవై ఏళ్ల అనుభవంతో ఏర్పడే దారి హక్కు, వేరే పుస్తకంలో ఉండే వీలునామా, పన్ను బకాయి, మనోవర్తి హక్కు అందులో కనిపించకపోవచ్చు. శాసనకాలంలో పరిహరించిన బాధలలో మొదటిది రాజు పన్ను. నేటి పత్రంలో ప్రభుత్వం ఇతరుల లావాదేవీలను చెబుతుంది గాని తన బకాయిని చెప్పదు.

‘ఋణభారం’ అనే అనువాదం ఈ తేడాను మరింత మరుగుపరచింది. ఋణం అన్న విశేషణం చేరగానే, అప్పు లేకపోతే భారం లేదనే భావం సహజంగా కలుగుతుంది. ‘ఈసీ నిల్ వచ్చింది’ అంటే ఆస్తి నిష్కళంకమని వినేవారు అర్థం చేసుకుంటారు. నిజానికి ఆ మాటకు అర్థం అడిగిన కాలంలో ఒకటవ పుస్తకంలో ఏ పత్రమూ కనిపించలేదని మాత్రమే. పదం భూమి స్థితిని వదిలి కాగితం స్థితికి పేరైంది.

ఇంటి మాటలలో భారం వేరొక దారిలో నడిచింది. ‘పొలం మీద అప్పు’, ‘ఇంటి మీద బాకీ’ అన్నట్లే ‘నెత్తి మీద భారం’ అంటారు. బరువుబాధ్యతలు అనే జంటపదంలోని బాధ్యత బాధ శబ్దానికి చెందిన ‘బాధ్య’ నుండి వచ్చినది. శాసనంలో భూమికి చెందిన బాధ, వ్యవహారంలో మనిషికి చెందిన బాధ్యత అయింది. కూతురి పెళ్లి చేసిన తండ్రి ‘బరువు దించుకున్నాడు’. భర్త పోయి పుట్టింటికి చేరిన స్త్రీ ‘భారమైంది’. కుటుంబంలో స్త్రీని భారమని పిలిచే ఈ పలుకుబడి ఎంత పాతదో, ఆమెను పోషించే బాధ్యత కుటుంబపు ఆస్తిపై ఉన్నదన్న ధర్మశాస్త్ర భావనా అంత పాతది. మొదటిది నాలుకపై నిలిచింది. రెండవదానికి రిజిస్టరులో చోటు దొరకలేదు.

మనోవర్తి: పుస్తకంలో లేని భారం

ఈ విషయంలో చట్టం పూర్తిగా మౌనంగా లేదు. మనోవర్తి పొందే హక్కు ఒకరికి ఉన్న ఆస్తిని బదిలీ చేసినప్పుడు, ఆ హక్కు సంగతి తెలిసి కొన్నవారిపై దానిని అమలు చేయవచ్చునని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. తెలియకుండా సొమ్మిచ్చి కొన్నవారికి ఆ బాధ్యత లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం, మరణించినవారి ఆస్తిపై ఆశ్రితుల మనోవర్తి తనంతట తాను చార్జి కాదని, వీలునామా, డిక్రీ, ఒప్పందం వంటివాటి వల్లనే అవుతుందని చెప్పింది. అంటే తెలియడం అనే ఒక్క అంశంపై స్త్రీ జీవనాధారం నిలిచింది. తెలుసుకోవడానికి లోకం వాడే సాధనం ఈసీ. ఆమె హక్కు అందులో ఉండదు.

తెలుగు నేల నుండి సుప్రీంకోర్టుకు చేరిన తులసమ్మ కేసు ఈ సందర్భంలో స్మరణీయం. ఉమ్మడి కుటుంబంలో భర్తను కోల్పోయిన స్త్రీ మనోవర్తి కోసం 1944లో నెల్లూరు మున్సిఫ్ కోర్టును ఆశ్రయించింది. డిక్రీ వచ్చాక 1949లో జరిగిన రాజీలో ఆమెకు కొంత ఆస్తి దక్కింది. అయితే జీవితకాలం అనుభవించడానికే, అమ్మే హక్కు లేకుండా. తరువాత ఆమె చేసిన బదిలీలను భర్త సోదరుడు సవాలు చేశాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇస్తూ, విధవ మనోవర్తి ఎవరో దయతో ఇచ్చినది కాదని, రాజీ పత్రానికి ముందే ఆస్తికి అంటిపెట్టుకొని ఉన్న హక్కని, అందుచేత 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఒకటవ ఉపవిభాగం ప్రకారం ఆమెది సంపూర్ణ స్వామ్యమని నిర్ణయించింది.

పదచరిత్ర దృష్టితో చూస్తే ఈ తీర్పులోని కీలకం ‘ముందే ఉన్న హక్కు’ అన్న గుర్తింపు. రాజీ పత్రం హక్కును సృష్టించలేదు. ఉన్న హక్కును రాతలోకి తెచ్చింది. లిఖితానికి ముందే ఉండి, లిఖితం లేకపోయినా ఆస్తిని అంటి ఉండే అడ్డంకిని చెప్పడానికి ‘బాధ’కు శక్తి ఉంది. ‘ఋణభారం’ ఆ పని చేయలేదు. మనోవర్తి అప్పు కాదు. ఆమె ఋణదాత కాదు.

ముగింపు

బాధ, ఆధి, తనఖా, ఋణభారం అనే క్రమంలో ప్రతి పదమూ తన కాలపు వ్యవహారంలోని ప్రధాన భయాన్ని చెప్పింది. దానగ్రహీతకు రాజోద్యోగుల చొరబాటు భయం. ఋణదాతకు రెండవ తాకట్టు భయం. నేటి కొనుగోలుదారుకు కనిపించని అప్పు భయం. ఈ పదాలను ఎన్నుకున్నది ఎప్పుడూ భూమిని పుచ్చుకొనేవారి పక్షమే. ఆ భూమిపై బతికే ఇతరుల పక్షం నుండి ఏ పదమూ ఏర్పడలేదు. అయితే పాత పదాల విశాలార్థం వారికి కొంత చోటు ఇచ్చింది. కొత్త పదపు సంకుచితార్థం ఆ చోటును తగ్గించింది.

పరిపాలన పదజాలాన్ని రూపొందించేటప్పుడు ‘ఋణభార ధ్రువీకరణ పత్రం’ అనే మాటను పునఃపరిశీలించవలసి ఉంది. ఆ పత్రం చెప్పేది నమోదైన లావాదేవీలను గనుక ‘నమోదైన లావాదేవీల పత్రం’ అనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు ‘నిల్’ అన్న మాట పుస్తకం గురించి చెప్పినదిగానే వినిపిస్తుంది. భూమి సంగతి తెలియాలంటే పాత ప్రమాణాలలోని మిగిలిన రెండింటిని, భుక్తిని, సాక్షులను కూడా విచారించాలి. దున్నుతున్నది ఎవరో, దారి ఎటు పోతున్నదో, ఆ ఇంటిలో మనోవర్తికి హక్కుదారు ఎవరున్నారో అడగాలి.